హామిల్టను ఆటపలక

ఐర్లండు దేశపు ముఖ్యపట్టణమగు డబ్లిన్ నగరమున 1805వ సంవత్సరము ఆగస్టు నెలలో విలియం రోవన్ హామిల్టను జన్మించెను. పసితనముననే అతడు ట్రిమ్ పట్టణమున పాఠశాల నడుపుచుండిన తండ్రి సోదరుడు జేమ్స్ యొద్దకు చేరెను. జేమ్స్ బహుభాషావేత్త. ఆయన శిక్షణలో బాలుడు లాటిను, గ్రీకు, హీబ్రూ భాషలను, పిదప అరబ్బీ, పారశీక, సంస్కృతములను అభ్యసించెను. ఎనిమిదవ యేట జీరా కోల్‌బర్న్ అను అమెరికా బాలునితో నోటిలెక్కలలో పోటీపడి ఓడిపోయెను. అతని మనసు గణితమువైపు తిరుగుటకు ఆ యోటమియు నొక కారణమని చెప్పుదురు.

1827లో, ఇంకను విద్యార్థిగా నుండగనే, ట్రినిటీ కళాశాలవారు అతనిని ఖగోళశాస్త్రాచార్యునిగా నియమించిరి. అప్పటికి అతనికి ఇరువది రెండేండ్లు నిండలేదు. 1843 అక్టోబరు 16న భార్యతో కాలువగట్టున నడచుచుండగా, గుణించు క్రమము మారినచో లబ్ధమును మారెడి క్రొత్తసంఖ్యల సూత్రము అతనికి స్ఫురించెను. వెంటనే దానిని చాకుతో వంతెనరాతిపై చెక్కెను.

అట్టి బీజగణితము నుండియే 1856లో ఒక ఆట పుట్టినది. 12 పంచభుజ ముఖములు, 20 శీర్షములు, 30 అంచులు గల ఘనమును చదునుచేసినట్లు కొయ్యపలకపై గీతలు గీసి, శీర్షములకు మారుగా రంధ్రములు తొలిచిరి. ఒక చోట బయలుదేరి, గీతలవెంటనే పోవుచు, ప్రతి రంధ్రమునందు ఒకేసారి మేకు నిలిపి, తిరిగి మొదటి చోటికి చేరవలెను. మరియొక రూపమున శీర్షములకు నగరముల పేర్లు పెట్టిరి; వానిలో మన ఢిల్లీయు నొకటి. లండను వర్తకుడొకడు 25 పౌనులిచ్చి హక్కులు కొని, 1859లో ఆటను అంగడికెక్కించెను. అది అమ్ముడుపోలేదు. ఆడువారికి మిక్కిలి సులభముగా తోచెనట!

ఇట్టి ప్రశ్ననే హామిల్టనుకు కొంచెము ముందుగా థామస్ కిర్క్‌మన్ అను ఆంగ్ల మతాచార్యుడు విచారించియుండెను. న్యాయమునకు కీర్తిలో ఆయనకును భాగముండవలసినది. పేరు మాత్రము హామిల్టనుకే దక్కినది.

హామిల్టను 1865లో మరణించెను. ఇరువదవ శతాబ్దమున గణితజ్ఞులు ఆ గీతలకు దూరములను జోడించి, అన్ని ఊళ్లు తిరిగివచ్చు వర్తకునికి అతి తక్కువ దూరపు త్రోవ యేదని అడిగిరి. తన ఊరితో కలిపి పది ఊళ్లున్నచో తిరుగు వరుసలు 3,62,880. ఎదురుగా నడచినను దూరమొకటే గనుక వానిలో సగమైనను చూడవలెను! 1954లో డాంట్జిగ్, ఫుల్కర్సన్, జాన్సన్ అను మువ్వురు అమెరికాలోని 49 నగరములకు ఒక మార్గమును ఎన్నుకొని, అంతకంటె పొట్టిది ఉండజాలదని అసమీకరణములతో నిరూపించిరి. 1972లో రిచర్డ్ కార్ప్, దూరముల మాట అటుంచి, ఏ వలయందైనను హామిల్టను అడిగినట్టి త్రోవ కలదా లేదా అని తేల్చుటయే అతికఠిన సమస్యలలో నొకటని చూపెను. ఎంత పెద్ద వలనైనను త్వరగా తేల్చు పద్ధతి నేటికిని దొరకలేదు. అట్టిది లేదనియు ఎవ్వరును నిరూపింపలేదు.