లూయీ బ్రెయిలీ

శిష్యుడు చదువవలెను, వ్రాయవలెను. అప్పుడే గురువు అతడు నేర్చినదెంతయో పరీక్షించి తెలిసికొనగలుగును. పలక, పుస్తకము, కాగితము లేని పాఠశాలను మనము ఊహింపజాలము. కాని రెండువందల సంవత్సరములకు పూర్వము అంధబాలురకు అనువైన వ్రాత సాధనమేదియు లేకుండెను. ఆ కొఱతను తీర్చినవాడు ఒక అంధవిద్యార్థియే. అతడే లూయీ బ్రెయిలీ.

లూయీ 1809వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఫ్రాన్సు దేశమందలి కూవ్రే అను పల్లెలో జన్మించెను. ఆ పల్లె పారిస్ నగరమునకు తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. తండ్రి గుఱ్ఱములకు జీనులు, కళ్ళెములు కుట్టి జీవించువాడు. మూడేండ్ల ప్రాయమున లూయీ తండ్రి పనిచేయుచోట ఆడుకొనుచు, తోలును పొడుచు ఆరెను చేతబట్టెను. అది జాఱి కంటిలో గ్రుచ్చుకొనెను. ఆ గాయము చీముపట్టి, రెండవ కంటికిని వ్యాపించెను. ఐదేండ్ల వయస్సు వచ్చునప్పటికి బాలునికి లోకమంతయు చీకటియయ్యెను.

తల్లిదండ్రులు అధైర్యపడలేదు. ఊరి మతగురువు బాలునికి విద్య నేర్పెను. గ్రామోపాధ్యాయుడు అతనిని తన బడిలో చేర్చుకొనెను. చెవులతో వినినదానినంతయు లూయీ మనస్సున నిలుపుకొనెను. పదేండ్ల ప్రాయమున, 1819లో, అతడు పారిస్‌లోని అంధబాలుర విద్యాలయమున ప్రవేశించెను.

ఆ విద్యాలయమును స్థాపించిన వాలెంటీన్ ఆవీ అను మహనీయుడు, తడి కాగితముపై పెద్ద అక్షరములను ఉబ్బెత్తుగా అచ్చొత్తించి పుస్తకములను తయారుచేయించెను. విద్యార్థులు ఒక్కొక్క అక్షరమును వ్రేళ్ళతో తడవి చదువవలసియుండెను. పంక్తి ముగియునప్పటికి మొదలు మఱపునకు వచ్చెడిది. ఆ పుస్తకములు మిక్కిలి బరువైనవి, కొలదిగానే ఉండెడివి. పైగా ఆ పద్ధతిలో విద్యార్థులు స్వయముగా వ్రాయుట దుస్సాధ్యము. కావున బోధనయు, పరీక్షయు చాలవఱకు నోటితోనే జరుగుచుండెను.

1821లో షార్ల్ బార్బియే అను మాజీ సైనికాధికారి తాను కల్పించిన చుక్కల వ్రాతను ఆ విద్యాలయమునకు పరిచయము చేసెను. అందు ఒక్కొక్క గుర్తునకు పండ్రెండు చుక్కల వఱకు ఉండెను. అవి ఒక వ్రేలి కొనక్రింద ఇమిడెడివి కావు. ఆ గుర్తులు ధ్వనులను తెలుపునే గాని వర్ణక్రమమును తెలుపవు. విరామచిహ్నములు లేవు. లూయీ ఈ లోపములను గుర్తించెను. తరగతులు ముగిసిన పిదపను, సెలవులలోను అతడు కాగితముపై చుక్కలు పొడుచుచు కృషిచేసెను. 1824లో, పదునైదేండ్ల వయస్సున, అతని ప్రయత్నము ఫలించెను. నిలువున మూడేసి చొప్పున రెండు వరుసలు, మొత్తము ఆఱు చుక్కలు మాత్రమే. వీనిని మార్చి మార్చి అమర్చిన 63 గుర్తులు ఏర్పడును. అక్షరములకు, అంకెలకు, సంగీత స్వరములకు సయితము ఇవి చాలును. 1829లో అతడు ఈ పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను.

వ్రాయు సాధనము మిక్కిలి సులభమైనది. గళ్ళుగల పలకలో కాగితము నుంచి, మొనగల పుల్లతో కుడినుండి ఎడమకు చుక్కలు పొడువవలెను. కాగితమును త్రిప్పిన చుక్కలు ఉబ్బెత్తుగా తేలును. అప్పుడు ఎడమనుండి కుడికి చదువవచ్చును. ఆరెవంటి మొన అతని చూపును హరించెను. అట్టి మొనతోనే అతడు అంధులకు అక్షరదానము చేసెను!

1833లో లూయీ అదే విద్యాలయమున పూర్తి ఉపాధ్యాయుడయ్యెను. వ్యాకరణము, భూగోళము, గణితము బోధించెను. ఇప్పుడు అంధబాలుడు చెప్పినదానిని వ్రాసికొనగలడు. తాను వ్రాసినదానిని తానే చదివి తప్పులు దిద్దుకొనగలడు.

కాని కష్టములు తీఱలేదు. 1840లో వచ్చిన క్రొత్త అధ్యక్షుడు చుక్కల లిపిని నిషేధించెను. చూపుగలవారు చదువలేని లిపి అంధులను సంఘమునుండి వేఱుచేయునని కొందఱి భయము. అయినను విద్యార్థులు దానిని విడువక రహస్యముగా వ్రాసికొనుచుండిరి. తుదకు 1844లో నూతన భవన ప్రారంభోత్సవమున ఆ లిపికే బహిరంగ పరీక్ష జరిగెను. సభలో చదివిన భాగమును ఒక బాలుడు చుక్కలలో వ్రాసెను. అంతవఱకు బయటనున్న మఱియొక బాలుడు లోనికి వచ్చి, దానిని తడవి తడబాటు లేక చదివెను. సభ్యులు ఆశ్చర్యపడిరి. నిషేధము తొలగెను.

క్షయవ్యాధితో కృశించిన లూయీ 1852 జనవరి 6వ తేదీన, నలువదిమూడేండ్ల వయస్సున మరణించెను. రెండేండ్ల పిమ్మట, 1854లో, ఫ్రాన్సు ప్రభుత్వము అతని లిపిని అంగీకరించెను. నూఱేండ్లకు, 1952లో, అతని అస్థికలను పారిస్‌లో మహాపురుషుల సమాధిమందిరమైన పాంతియన్‌నకు తరలించిరి. కాని అతని చేతులు మాత్రము పుట్టిన పల్లెలోనే నిలిచినవి.

మన దేశమున 1951లో భారతీ బ్రెయిలీ ఆమోదింపబడెను. తెలుగు అక్షరములును ఆ ఆఱు చుక్కలలోనే ఒదిగినవి. నేడు కంప్యూటరులోని వ్రాతను చుక్కలుగా పైకి లేపి చూపు యంత్రములును వచ్చినవి. యంత్రములు మాఱినను, వ్రేలి కొనకు తగులునవి ఆ బాలుడు ఎంచిన చుక్కలే. తన కొఱతను తలచి కుమిలిపోక, తోడివారి కొఱతను తీర్చినవాని పేరు చిరకాలము నిలుచును.