పుస్తకాలు కుట్టే దుకాణం నుంచి కరెంటు గుట్టు దాకా: మైకేల్ ఫారడే జీవితం

కోట్‌పల్లి చుట్టుపక్కల పొలంలో బోరు మోటారు కాలిపోతే రైతు దాన్ని బండి మీద వేసుకుని వైండింగ్ షాపుకు తీసుకుపోతాడు. అక్కడ కుర్రాడు రాగి తీగ చుట్టి మోటారును మళ్లీ తిరిగేలా చేస్తాడు. ఆ తీగలో దాగిన గుట్టు విప్పిన మనిషి కూడా ఒకప్పుడు దుకాణంలో పని నేర్చుకున్న పేద పిల్లవాడే. పేరు మైకేల్ ఫారడే.

1791 సెప్టెంబర్ 22న లండన్ దగ్గర ఒక కమ్మరి ఇంట్లో పుట్టాడు. తండ్రికి తరచూ జబ్బు, ఇంట్లో పైసలకు కటకట. చదవడం, రాయడం, కొంచెం లెక్కలు, అంతే బడి చదువు. 13 ఏళ్లకు రీబో అనే ఆయన పుస్తకాల దుకాణంలో చేరాడు. తర్వాత ఏడేళ్లు బైండింగ్ పని నేర్చుకున్నాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలన్నీ చదివేవాడు. విద్యుత్తు మీద మోజు అక్కడే మొదలైంది. యజమాని తిట్టలేదు, చదువుకోనిచ్చాడు. 1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. విన్నదంతా రాసుకుని, బైండింగ్ చేసి డేవీకే పంపాడు ఫారడే. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయనకే సహాయకుడయ్యాడు.

1820లో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ ఒక వింత చూశాడు. తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. అంటే కరెంటు తన చుట్టూ అయస్కాంత శక్తిని పుట్టిస్తుందన్నమాట. మరుసటి ఏడే ఫారడే కరెంటు పారే తీగను అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశాడు. మోటారుకు మూలం అదే.

మరి అయస్కాంతం నుంచి కరెంటు రాదా? జవాబుకు పదేళ్లు పట్టింది. 1831 ఆగస్టు 29న ఇనుప రింగుకు రెండు వైపులా తీగ చుట్టాడు. ఒక చుట్టకు బ్యాటరీ కలపగానే రెండో చుట్ట దగ్గరి ముల్లు ఒక్కసారి అదిరి ఆగిపోయింది. బ్యాటరీ తీసేస్తే ఎదురు వైపుకు అదిరింది. గుట్టు దొరికింది: అయస్కాంత శక్తి ఉంటే చాలదు, అది మారుతూ ఉండాలి. అప్పుడే తీగలో కరెంటు పుడుతుంది. అక్టోబర్‌లో తీగ చుట్టలోకి అయస్కాంతాన్ని తోస్తూ, లాగుతూ కరెంటు తెప్పించాడు. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్, పవర్ ప్లాంటులో జనరేటర్ ఈ సూత్రం మీదే నడుస్తాయి. ఫారడేకు పెద్ద లెక్కలు రావు. ఆయన ఆలోచనను తర్వాత మాక్స్‌వెల్ సమీకరణాల్లో పెట్టాడు.

ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లో పాయిగా నవాబు ఫఖ్రుద్దీన్ ఖాన్ షమ్స్-ఉల్-ఉమ్రా సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి, సొంత ప్రెస్సులో అచ్చు వేయించారు. సిత్తా-ఎ-షమ్సియా అనే ఆ ఆరింటిలో ఒకటి విద్యుత్తు గురించే. మన వికారాబాద్‌కు పేరిచ్చిన వికార్-ఉల్-ఉమ్రా ఆయన మనవడే.

సర్ బిరుదు వద్దన్న ఫారడే 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు.

ఆయన మెహనత్ గొప్పదే. కానీ చదువుకోనిచ్చిన రీబో లేకపోతే, టికెట్లిచ్చిన ఆ పెద్దమనిషి లేకపోతే ఆ మెహనత్ దుకాణంలోనే ఆగిపోయేదేమో. మన పిల్లల్ని పేదరికం సాకుతో బడి మాన్పించకండి. ఇప్పటికే పనిలో చేరిన షాగిర్దు ఉంటే, ఉస్తాద్ అతని చేతికి పానాతో పాటు పుస్తకమూ ఇవ్వాలి. సాయంత్రం ఒక గంట వదిలినా చాలు.