లువార్ తీరమున ఆడ్యుబన్

అమెరికా పక్షుల చిత్రకారుడుగా లోకమెరిగిన జాన్ జేమ్స్ ఆడ్యుబన్ 1785లో కరిబియన్ దీవిలో, నేటి హైతీలో, జన్మించెను. పెరిగినది మాత్రము ఫ్రాన్సులో, నాంత్ నగరమునకు చేరువనున్న కువెరాన్ గ్రామమున. నెపోలియన్ సైన్యమున చేర్చుకొందురను భీతితో తండ్రి యాతనిని 1803లో అమెరికాకు పంపెను.

1805లో మరలివచ్చి, లువార్ నదీతీరమందలి ఆ పల్లెపట్టున ఒక యేడాది గడపెను. దోర్బిన్యీ యను వైద్యుడు పక్షులను పరిశీలించు పద్ధతి నేర్పెను. గురువు దొరకుట యదృష్టమే. అయితే ఆ యువకుడు వెడలినది కుంచెతో మాత్రమే కాదు, తుపాకితో గూడ. పక్షిని గీయుటకు ముందు దానిని కూల్చుట నాటి పరిపాటి. ప్రేమించినదానినే చంపి, వాలిన రెక్కలకు కాగితముపై ప్రాణము పోయవలెను! ఈ వైరుధ్య మాతనిని తుదివరకు వీడలేదు.

1806లో మరల ఓడ యెక్కెను. 1827 మొదలు 1838 వరకు వెలువడిన ఆతని మహాగ్రంథమున 435 చిత్రములు. పక్షి యెంతయో బొమ్మయు నంతయే. 1851లో న్యూయార్కున మరణించెను. కువెరానులో గీసిన బొమ్మలు కొన్ని నేటికిని హార్వర్డు విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నవి.