జేమ్స్ డెవరూ

జేమ్స్ పాట్రిక్ సిన్నాట్ డెవరూ (1903 ఫిబ్రవరి 20 - 1988 ఆగష్టు 5) అమెరికా సంయుక్త రాష్ట్రాల మెరైన్ దళ అధికారి, రాజకీయ నాయకుడు. 1941 డిసెంబరులో పసిఫిక్ మహాసముద్రములోని వేక్ దీవిని జపాను నౌకాదళము నుండి రెండు వారాలకు పైగా కాపాడిన మెరైన్లకు నాయకుడిగా ఈయన ప్రసిద్ధుడు.

తొలి జీవితము

డెవరూ క్యూబాలోని కబానాలో జన్మించాడు. తండ్రి అమెరికా సైన్యములో వైద్యుడు. 1923లో సాధారణ సైనికునిగా మెరైన్ దళములో చేరి, 1925లో అధికారి అయ్యాడు. నికరాగువాలోను, చైనాలోను పనిచేశాడు. వర్జీనియాలోని ఫోర్ట్ మన్రోలో తీర ఫిరంగి విద్యలో శిక్షణ పొందాడు. ఈ శిక్షణే తరువాత అక్కరకు వచ్చింది.

వేక్ దీవి రక్షణ

మెరైన్లనగానే శత్రువు తీరముపై దాడికి దిగే సైనికులే గుర్తుకు వస్తారు. కాని దూర ద్వీపాలలోని నౌకా స్థావరాలను కాపాడడము కూడా వారి విధియే. ఇందుకొరకు 1939 నుండి రక్షణ బెటాలియన్లను ఏర్పరచారు. మొదటి రక్షణ బెటాలియన్‌కు చెందిన సుమారు 400 మందికి నాయకుడిగా మేజర్ డెవరూ 1941 అక్టోబరులో వేక్ చేరాడు. అక్కడ 5 అంగుళాల తీర ఫిరంగులు 6, విమాన విధ్వంసక ఫిరంగులు 12 ఉన్నాయి. అన్నిటికీ చాలినంత సిబ్బంది లేరు, రాడార్ అసలే లేదు.

డిసెంబరు 8న జపాను బాంబర్లు వచ్చిన చప్పుడు కెరటాల హోరులో వినబడలేదు. నేలపైనున్న 8 యుద్ధ విమానాలలో 7 నాశనమయ్యాయి. డిసెంబరు 11న నౌకలు వచ్చినప్పుడు, అవి బాగా దగ్గరకు వచ్చేవరకు కాల్చవద్దని డెవరూ ఆజ్ఞాపించాడు. ముందే కాల్చితే ఫిరంగుల స్థానాలు బయటపడి, నౌకలు దూరము నుండే వాటిని ధ్వంసము చేయగలవు. సుమారు 4 కిలోమీటర్ల దూరములో ఫిరంగులు పేలాయి. హయాతె అనే డిస్ట్రాయర్ మునిగిపోయింది. కిసరగి అనే మరొకదానిని విమానాలు ముంచాయి. నౌకలు వెనుదిరిగాయి.

సహాయముగా బయలుదేరిన అమెరికా నౌకలను మధ్యలోనే వెనక్కి పిలిచారు. డిసెంబరు 23 తెల్లవారకముందే జపాను సైనికులు దీవిపై దిగారు. టెలిఫోను తీగలు తెగిపోవడముతో పక్కనున్న విల్క్స్ దీవి శత్రువు వశమైనదని డెవరూ భావించాడు. నిజానికి అక్కడ దిగిన శత్రువులను మెరైన్లు నిర్మూలించారు. డెవరూ తెలిపిన పరిస్థితిని బట్టి, దీవికి పై అధికారియైన నౌకాదళ కమాండర్ విన్‌ఫీల్డ్ కన్నింగ్‌హామ్ లొంగిపోవాలని నిర్ణయించాడు. తెల్లజెండాతో విల్క్స్ వెళ్ళిన తరువాతే డెవరూకు సంగతి తెలిసింది. అయితే ప్రధాన దీవిలో శత్రువు అప్పటికే బలపడినందున అంతిమ ఫలితము మారేదని చెప్పలేము.

తరువాతి జీవితము

1945 సెప్టెంబరు వరకు డెవరూ యుద్ధ ఖైదీగా ఉన్నాడు. మరింతమంది జపానీయులను పంపమని వేక్ నుండి సందేశము వచ్చినట్లు అమెరికాలో ప్రచారమైంది. అటువంటిదేమీ పంపలేదని విడుదలయ్యాక ఆయన స్పష్టము చేశాడు. ఈయనకు నేవీ క్రాస్ లభించింది. పత్రికలు ఘనతనంతా డెవరూకే ఇవ్వడముతో కన్నింగ్‌హామ్ పేరు మరుగున పడింది. ఇది ఆయనకు జరిగిన అన్యాయమే. తన వాదనను ఆయన 1961లో పుస్తకముగా ప్రచురించాడు.

డెవరూ 1948లో బ్రిగేడియర్ జనరల్ హోదాలో పదవీ విరమణ చేశాడు. 1951 నుండి 1959 వరకు మేరీల్యాండ్ నుండి రిపబ్లికన్ పార్టీ తరఫున ప్రతినిధుల సభ సభ్యుడు. 1958లో ఆ రాష్ట్ర గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయాడు. మరణానంతరము ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఖననము చేశారు.