కోడూరు పేరు పుస్తకాల్లోకి ఎక్కించినాయన

విజయనగరంలో శ్రీకాకుళం వైపు రైలెక్కితే దారిలో గరివిడి, చీపురుపల్లి స్టేషన్లు తగులుతాయి. ఆ చుట్టుపక్కల నల్లగా, బరువుగా ఉండే రాయిని మీలో చాలామంది చూసే ఉంటారు. అదే మాంగనీసు ఖనిజం. ఇది లేనిదే ఉక్కు తయారీ సాగదు. దేశంలో మాంగనీసు తవ్వకాలు మొదలైంది ఇక్కడే, 1892లో. మనం రోజూ దాటిపోయే ఆ రాయే ఒకాయనకు కెరీర్ అయింది. ఆయనే లూయిస్ లీ ఫెర్మర్.

ఫెర్మర్ 1880లో లండన్‌లో పుట్టారు. తండ్రి బ్యాంకు గుమాస్తా. ఆరుగురు పిల్లల్లో ఈయనే పెద్ద. స్కాలర్‌షిప్ మీద రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చేరారు. లోహాల ఇంజినీరు కావాలనుకున్నారు కానీ 1902లో, 22 ఏళ్లకే, కలకత్తాలోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ)లో ఉద్యోగం వచ్చింది. అనుకున్న దారి అది కాదు. అయినా వచ్చిన పనిని వదల్లేదు.

దేశంలోని మాంగనీసు గనులు తిరిగారు. మన కోడూరు గనుల దగ్గర గార్నెట్, ఫెల్డ్‌స్పార్, అపటైట్ కలిసిన ఒక వింత రాయి కనిపించింది. 1907లో దానికి ఊరి పేరు మీదే ‘కోడురైట్’ అని పేరు పెట్టారు. 1909లో వచ్చిన ఆయన మాంగనీసు గ్రంథం 1,200 పేజీలు దాటింది. తర్వాత జీఎస్‌ఐ డైరెక్టర్ అయ్యారు. 1935లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సెస్‌కు తొలి అధ్యక్షుడయ్యారు. ఇప్పటి ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ అదే. 1954లో కన్నుమూశారు.

ఆయన చెప్పిందంతా నిలబడిందా? లేదు. కోడురైట్ కరిగిన శిలాద్రవం నుంచి పుట్టిందని ఆయన అన్నారు. పాత అవక్షేపాలే వేడికీ ఒత్తిడికీ మారి అలా అయ్యాయని తర్వాతివాళ్లు వాదించారు. అయినా ఆ చర్చకు మొదలు ఆయన రాసిపెట్టిన వివరాలే. కళ్లతో చూసింది జాగ్రత్తగా రాసుకోవడమే ఈ చదువులో అసలు పని.

మరి మీ సంగతి? ఎమ్మెస్సీ జియాలజీ చేస్తే యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయొచ్చు. ఫెర్మర్ చేసిన జీఎస్‌ఐలోనే జియాలజిస్టు కావచ్చు, లేదా కేంద్ర భూగర్భ జల బోర్డుకు వెళ్లొచ్చు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. భౌతిక భూగోళశాస్త్రం చదివినవాళ్లకు జీఐఎస్, రిమోట్ సెన్సింగ్, మ్యాపింగ్, టీచింగ్ దారులున్నాయి. సివిల్స్‌లో ఈ రెండూ ఆప్షనల్ సబ్జెక్టులే. పక్కనే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో రెండు విభాగాలూ ఉన్నాయి. ఒక్క మాట: జాగ్రఫీ, జియాలజీ ఒకటి కావు. పీజీలో చేరేముందే నోటిఫికేషన్‌లో అర్హతలు చూసుకోండి. చేరాక తెలిస్తే రెండేళ్లు పోయినట్టే.

ఈ ఆదివారం ఖాళీ ఉంటే ఓ నోట్‌బుక్ పట్టుకుని మీ ఊరి కొండ దాకా వెళ్లి రండి. ఏ రాయి ఎక్కడుందో, ఏ రంగులో ఉందో రాసుకోండి. ఫెర్మర్ ఇక్కడ చేసిన పని కూడా అలా మొదలైందే.