జాన్ డాల్టన్

ఇంగ్లండునందలి కంబర్లాండు సీమలో, ఈగిల్స్‌ఫీల్డను పల్లెయందు 1766లో ఒక సాలెవాని యింట జాన్ డాల్టన్ జన్మించెను. పండ్రెండవ యేటనే పల్లెపిల్లలకు చదువు చెప్ప మొదలిడెను. క్వేకరు మతస్థుడగుటచే ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలలో పట్టము పొందు వీలు లేకపోయెను. 1793లో మాంచెస్టరు చేరి, అధ్యాపకుడై, జీవితాంతము అచ్చటనే నిలిచెను.

1787 నుండి అతడు గాలి ఒత్తిడిని, ఎండవానలను దినచర్యలో వ్రాయుచుండెను. ఈ వ్యాసంగమే అతని కొక సందేహము కలిగించెను. గాలిలో నైట్రొజను, ఆక్సిజను, నీటియావిరి కలవు గదా; బరువైనది అడుగునకు దిగక అన్నియు ఏల కలిసియుండును? అవి రసాయనముగా కూడియున్నవని పలువురు పండితులు నమ్ముచుండిరి. డాల్టన్ అందులకు సమ్మతింపలేదు. పాత్రలోని ప్రతి వాయువు, తక్కినవి లేనట్లే, తన పాలి ఒత్తిడిని కలిగించుననియు, వాని మొత్తమే మిశ్రమపు ఒత్తిడియనియు 1801లో తేల్చెను. సముద్రమట్టమున పొడిగాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసమైనచో, అందు ఆక్సిజను పాలు సుమారు 160. ఎత్తైన కొండలపై గాలిలో ఆక్సిజను వంతు తగ్గదు. దాని ఒత్తిడి తగ్గును. ఆయాస మందువలననే.

ఒక వాయువుకణములు తమ జాతి కణములనే నెట్టునని అతడు చెప్పిన కారణము మాత్రము నిలువలేదు, సూత్రము నిలిచెను. నీటిలో వాయువులు కరగు తీరును విచారించుచునే 1803లో పరమాణుభారముల తొలి పట్టికను కూర్చెను.

1844 జూలై 26 రాత్రి, వణకుచేతితో ఆనాటి కొలతలు వ్రాసెను. మరునాటి యుదయమున మరణించెను.