శ్రీ బసవేశ్వరుని జీవితమున కార్యసిద్ధి

కర్ణాటదేశమున, నేటి విజయపుర జిల్లాలో, బాగేవాడి యను ఊరు కలదు. పండ్రెండవ శతాబ్దమున ఆ యూరి శైవబ్రాహ్మణ కుటుంబమున మాదిరాజు, మాదాంబ అను పుణ్యదంపతులకు శ్రీ బసవేశ్వరుడు జన్మించెను. జన్మసంవత్సరము 1131 ప్రాంతమని పలువురు పండితులును, 1105 అని కొందరును నిర్ణయించిరి. అక్షయతృతీయనాడు మనము జరుపుకొను బసవజయంతికి ఈ భేదము అడ్డము కాదు. 1260 నాటి అర్జునవాడ శాసనమున బాగేవాడి మాదిరాజు కుమారుడైన బసవని ప్రస్తావన యున్నది గనుక, ఈ మహాపురుషుడు కేవలము పురాణకల్పన యని శంకించువారికి రాతిమీదనే సమాధానము లభించుచున్నది.

మహాపురుషుల చరిత్రమును మహిమల వరుసగా వినుట మనకు అలవాటైనది. మహిమలయందు భక్తి యుండవలసినదే. కాని వానిని మాత్రమే వినువాడు, ఇది దేవునికి చెల్లును గాని నాకు చెల్లునా యని పక్కకు తప్పుకొనును. మా మైపాడు నుండి నెల్లూరికి పోయి చదువుకొను పిల్లల సంచులలో వ్యక్తిత్వవికాస గ్రంథములు కానవచ్చుచున్నవి. విజయమునకు ఇన్ని సోపానములని, ఇన్ని సూత్రములని ఆ గ్రంథములు లెక్కించి చెప్పును. ఆ పిల్లలలో లింగధారులైన కుటుంబముల వారును కలరు. తమ ఇంటి గూటిలో పూజలందుకొను బసవేశ్వరుడు ఒకప్పుడు జీతమునకు పనిచేసిన ఉద్యోగి యని, ఆ యుద్యోగమున ఆయన కొన్ని అలవాట్లు పాటించెనని వారికి చెప్పినవారు తక్కువ. అందుచేత ఇక్కడ ఆ భాగమునే విస్తరింతును.

ఉపనయనకాలమున బాలుడు జన్నిదమును నిరాకరించి ఇల్లు విడిచెనని మన పాల్కురికి సోమనాథుడు చెప్పెను. కృష్ణా మలప్రభానదులు కలియు కూడలసంగమమున ఆయన చదువు సాగెను. అక్క నాగమాంబ ఆయనకు అండగా నిలిచెను. ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. ఇల్లు విడిచిన బాలురు లోకమున అనేకులు. విడిచి వెళ్లి పండ్రెండేండ్లో అంతకెక్కువో ఒకచోట నిలకడగా కూర్చుండి చదివినవారు అరుదు. తిరస్కరించుట సులభము. తిరస్కరించినదానికి మారుగా దేనిని నిలుపవలెనో నేర్చుకొనుటకు సంవత్సరములు పట్టును. బసవేశ్వరుడు ఆ సంవత్సరములను ఇచ్చెను.

అటుపిమ్మట ఉద్యోగము. ఇందు సంప్రదాయములు రెండు. సోమనాథుని బసవపురాణమున బలదేవ దండనాయకుని తరువాత ఆయన అల్లుడైన బసవేశ్వరునే బిజ్జలుడు పిలిచి ఆ పదవిలో నిలిపెను. కన్నడ సంప్రదాయమున ఆయన మంగళవాడలో సామాన్య కరణికుడుగ లెక్కలు వ్రాయుటకు చేరి, క్రమముగ భాండాగారాధికారి యయ్యెను. నాకు రెండవదియే మనసునకు హత్తుకొనును. ఏలయన, ఆయన వచనములలో తూనిక, కొలత, నాణెము, టంకసాల, ఋణము మొదలైన మాటలు తరచుగా దొరలును. ఆ మాటలు లెక్కల పీటపై కూర్చున్న చేతినుండి వచ్చినవే కాని, అధికారపీఠము నుండి దిగివచ్చినవి కావు. కరణికుని పని మెప్పు తెచ్చునది కాదు. సరిగా చేసినప్పుడు ఎవరును చూడరు. తప్పినప్పుడు అందరును చూతురు. అట్టి పనిని పూజవలె చేయుటకే కాయకమని ఆయన పేరు పెట్టెను. పెద్ద పని వచ్చిన పిమ్మట శ్రద్ధ చూపుదునని చిన్న పనిని తేలికచేయువానికి ఆ పెద్ద పని రానేరదు.

బిజ్జలుడు కలచుర్యవంశీయుడు. చాళుక్యుల సామంతుడై యుండి వారి సింహాసనమునే వశపరచుకొన్నవాడు. అట్టి రాజునకు అనుమానము ఎక్కువగా నుండుట సహజము. కళ్యాణమున బసవేశ్వరుని ఇంట నిత్యము జంగమదాసోహము జరుగుచుండెను. వేలమంది భుజించు ఇంటికి ధనము ఎక్కడి నుండి వచ్చుచున్నదని కొలువులోని వారు గుసగుసలాడిరి. రాజభాండాగారమే ఆ వంటశాలగా మారినదని రాజునకు కొండెములు చేరెను. బిజ్జలుడు లెక్క చూపుమనెను. బసవేశ్వరుడు పెట్టెలు తెరిపించెను. ఒక్క మాడయు తక్కువ కాలేదు. సోమనాథుడు దీనిని శివుని మహిమగా వర్ణించెను. అది కవిధర్మము. ఉద్యోగములో నున్న ప్రతివాడు దీనిని వేరొక విధముగ కూడ చదువుకొనవచ్చును. తనిఖీ ఏనాడు వచ్చినను తాళపుచెవి వెంటనే అందించగల స్థితిలో ఆ యధికారి యుండెను. లెక్కను సరిచేయుటకు రెండు దినముల గడువు అడుగలేదు. కొండెములు చెప్పినవారెవరని విచారణకును పూనుకొనలేదు. దాసోహమునకు తన జీతభత్యములు తనవి; భాండాగారము రాజుది. ఈ రెంటి నడుమ గీత ఆయన మనసులో ఎన్నడును చెరగలేదు. సంఘసొమ్మును, మఠపు సొమ్మును చేతబట్టుకొనిన వారందరు ఈ ఘట్టమును ఏటికొకసారియైన పారాయణము చేయుట మంచిదని నా యభిప్రాయము.

ఈ లెక్క పైవాని విషయమున ఎంత కఠినమో, క్రిందివాని విషయమునను అంత కఠినమని చూపు కథ ఆయ్దక్కి మారయ్యది. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరుకొని, వానితో జంగమార్చన చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ముంగిట మామూలుకంటె ఎక్కువ బియ్యము చల్లించి యుండిరి. మారయ్య సంతోషముతో ఏరుకొని ఇంటికి కొనిపోయెను. భార్య లక్కమ్మ ఆ మూటను చూచి, ఇది నిత్యపు కొలత కాదని, అక్కరకు మించిన బియ్యము ఆశకు గుర్తని, ఎక్కువైనదానిని తీసిన చోటనే వేసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. చల్లించినవాడు రాజ్యమున మహామంత్రి; తిరిగి పంపినది గింజలేరుకొను పేదవాని ఇల్లాలు. ఆ సభలో ఇద్దరి తూకమును ఒకటే యయ్యెను. దారిద్ర్యము దానముచేతనే తీరునని తలచువారికి లక్కమ్మ చేసిన పని మింగుడుపడదు. మంచి మనసుతో ఇచ్చినను, ఇచ్చుట యెదుటివాని కాయకమును చెరుపవచ్చునని ఆమె గ్రహించెను. బసవేశ్వరుడు అలుగలేదు. శరణులు ఆ దంపతులను పెద్దలుగా మన్నించిరి; లక్కమ్మ వచనములు నేటికిని చదువబడుచున్నవి.

మందలింపును స్వీకరించుట ఆయనకు ఇది యొక్కసారి కలిగినది కాదు. తనవలె ఇచ్చువారు లేరను గర్వలేశము మనసున పొడసూపినప్పుడు, బట్టలుతుకు మడివాలు మాచయ్య దానిని విరిచెను. అల్లమప్రభువు సిద్ధరామునితో కూడి వాకిట నిలిచియుండగా, బసవేశ్వరుడు లింగపూజలో మునిగియుండి, హడపద అప్పణ్ణను పంపి లోనికి పిలిపించెనని శూన్యసంపాదనము చెప్పును. ప్రభువు లోనికి రాలేదు. వాకిట నున్న జంగమమును విడిచి లోపల చేయు పూజ యెవరికని బోధపడి, బసవేశ్వరుడే లేచి వాకిటికి వచ్చెను. పిమ్మట అనుభవమంటపమున శూన్యసింహాసనముపై కూర్చుండబెట్టినది ఆ అల్లమప్రభువునే. మంటపమును కట్టించినవాడు, ఖర్చు భరించినవాడు, రాజబలము గలవాడు క్రింద కూర్చుండెను. మన సంఘములలో ఒక అధ్యక్షపదవికై జరుగు పెనుగులాటలను చూచినవారు ఈ ఘట్టమును తేలికగా దాటిపోలేరు.

మంటపమున కూర్చున్నవారిలో అంబిగర చౌడయ్య యను పడవవాడు ఒకడు. మైపాడు తీరమున ఈ పేరు చెప్పిన పిల్లలు చెవి నిక్కించి విందురు. పడవ నడుపువాడు ధర్మసభలో కూర్చుండి మంత్రితో సమముగ మాటలాడెనని, అందునను మిక్కిలి కటువుగ మాటలాడెనని వారికి నమ్మశక్యము కాదు. సముద్రముమీద వేట ముగించి ఒడ్డు చేరిన పిమ్మట, చేప దొరికినను దొరకకున్నను, వలను చూచి తెగిన కన్నులు అల్లుకొనుట మా యూరి వారి నిత్యకృత్యము. దానిని ఎవరును గొప్పగా చెప్పుకొనరు. చౌడయ్య నిలిచిన లోకము అదియే. చౌడయ్య కటువు మాటను సహించిన బసవేశ్వరుడు తాను మాత్రము మెత్తగా మాటలాడెడివాడు. ఎంతటి సామాన్యుడు ఎదురైనను గౌరవవాచకముతోనే పలుకరించుటను ఆయన ఆచారముగ పెట్టుకొనెను. మంత్రియైనవానికి ఇది ఎంత కష్టమో, చిన్న అధికారము చేతికి వచ్చిన మరునాడే పిలుపు మార్చుకొనువారిని చూచిన మనకు తెలియును.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి కాయకనిష్ఠ, శుద్ధమైన లెక్క, వినయము, మృదుభాషణము గలవాడు తప్పక అభివృద్ధి చెందునని వ్రాసి ముగించిన, ఆ వికాసగ్రంథములకును ఈ వ్యాసమునకును భేదముండదు. బసవేశ్వరుని జీవితము అట్లు ముగియలేదు. చర్మకారుడైన హరళయ్య కుమారునకును, బ్రాహ్మణుడుగ పుట్టి శరణుడైన మధువరసు కుమార్తెకును వివాహము జరిగెను. ఇద్దరును లింగధారుల బిడ్డలే గనుక ఇందు వర్ణసంకరము లేదని శరణుల మతము. రాజు ఒప్పలేదు. తండ్రులిద్దరికిని క్రూరమైన మరణదండన కలిగెనని కన్నడ గ్రంథములు చెప్పును. సోమనాథుడు పెండ్లిమాట ఎత్తక, హల్లెయ మధువయ్యల కన్నులు తీయించిరని వ్రాసెను. కళ్యాణము కల్లోలమయ్యెను. 1167, 68 ప్రాంతమున బిజ్జలుని పాలనయు ముగిసెను. బసవేశ్వరుడు పదవిని విడిచి, తాను చదువుకొన్న కూడలసంగమమునకే చేరి లింగైక్యము పొందెను. 1131 లెక్కయే నిజమైన, అప్పటికాయన వయస్సు నలువది నిండలేదు.

పదవి పోయినది. స్నేహితులు హతులైరి. కట్టిన మంటపము చెదరినది. వికాసగ్రంథముల కొలమానముతో ఇది పరాజయమే. ఆ వివాహమును ఆపించి, నాలుగేండ్లు ఓర్చి, పదవిని కాపాడుకొని, మెల్లగా సాధింపవచ్చునని లౌకికులు ఆయనకు అప్పుడును చెప్పియుందురు. ఆయన అలవాట్లన్నియు పదవికొరకే యైనచో ఆ మాట వినవలసినదే. లెక్కలో ఒక్క మాడ తప్పనివాడు మాటలోను తప్పలేకపోయెను. ఇచ్చట మనకు ఒక కఠినమైన ప్రశ్న ఎదురగును. ఆ వివాహముకొరకు ప్రాణములు పోయిన సంప్రదాయమునకు చెందిన మనము, నేడు సంబంధము చూచునప్పుడు మొట్టమొదట ఏమి అడుగుచున్నాము? వరుడు లింగధారియా, కాయకనిష్ఠుడా యని అడుగుచున్నామా? లేక మన లింగవంతులలోనే ఏ తెగ, ఏ శాఖ, ఏ మఠపు శిష్యులని అడుగుచున్నామా? పిల్లలకు బసవజయంతినాడు ఉపన్యాసపోటీలు పెట్టుదము గాని, వారు ఈ ప్రశ్న అడిగినప్పుడు పెద్దలము బదులు చెప్పక తప్పించుకొందుము.

శరణులలో కొందరు చెన్నబసవేశ్వరునితో పడమటి కనుమలలోని ఉళివికి చేరిరి. వచనముల తాళపత్రములు ఆ యలజడిని దాటి మఠములలోను, ఇండ్లలోను మిగిలెను. తెలుగునాట సోమనాథుడు ద్విపదలో బసవపురాణము రచింపగా, దానిని భీమకవి 1369లో కన్నడమునకు మార్చెను. కన్నడదేశపు మహనీయుని సమగ్రచరిత్ర తెలుగు నుండి కన్నడమునకు వెళ్లుట మనకు గర్వకారణము. 1840లో బ్రౌను దొర మద్రాసు పత్రికలో జంగముల మతమును, సాహిత్యమును గూర్చి దీర్ఘవ్యాసము ప్రకటించెను. 2003లో ఢిల్లీ పార్లమెంటు ఆవరణమున బసవేశ్వరుని విగ్రహము నెలకొనెను. 2015లో లండను నగరమున థేమ్సు నది యొడ్డున మరియొకటి వెలసెను. 2024లో కర్ణాటక ప్రభుత్వము ఆయనను ఆ రాష్ట్రమునకు సాంస్కృతిక నాయకుడుగ ప్రకటించెను.

కాని విగ్రహములకు ముందు వచనములు ప్రజల చేతికి చేరవలెను గదా! ఆ పని విజయపురమున న్యాయవాదిగ నున్న ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి చేసెను. 1880లో జన్మించిన ఆయన ఇల్లిల్లు తిరిగి తాళపత్రములు సేకరించి, వానిని పరిష్కరించి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించెను. వకీలు వృత్తిలో ధనము గడింపగల సామర్థ్యము ఉండియు, వచనములను అచ్చువేయుటకు తన సొంత ఇంటిని అమ్మి ముద్రణాలయము నెలకొల్పెను. 1926 నుండి శివానుభవమను పత్రికను నడపెను. 1964లో లింగైక్యము పొందు నాటికి ఆయన అద్దె ఇంటిలో నుండెను.